నేరేడువలసలో పదకొండు నిమిషాలు

2084 నాటికి రైల్లో మనిషికో గది వచ్చేసింది. దాన్ని ఒంటిగది అనేవారు. ఎక్కగానే తలుపు మూసుకుంటుంది, దిగాల్సిన చోటో, దారిలో బండి ఆగిపోతేనో తప్ప తెరుచుకోదు. పక్కగదిలో ఉన్నది మనిషో మూటో తెలియదు. ఎవరి గొడవా లేదు, హాయి అన్నారు జనం. అన్నారు సరే, అంత హాయిలో ముఖాలెందుకు వాడిపోయాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

బండికి డ్రైవరూ లేడు. నలభై నిమిషాల ముందు పట్టుమాపరి అనే చిన్న వాహనం అదే పట్టాల మీద నడుస్తుంది. డాక్టర్ మేదిని కనిపెట్టిన యంత్రమది. రాలిన ఆకులు చూడ్డానికి అమాయకంగానే ఉంటాయి. మంచుకు తడిసి చక్రం కింద నలిగాయంటే మాత్రం పట్టా మీద నల్లటి జారుడుపొరగా అంటుకుపోతాయి. అప్పుడు చక్రం తిరుగుతుంది, బండి కదలదు. బ్రేకు పడుతుంది, బండి ఆగదు. తన చక్రం జారితే ఘర్షణ గుణకం కొలిచి, వెనక వచ్చే బండిని ముందే ఆపించడం పట్టుమాపరి పని.

ఈ ఏడు అనంతగిరి ఘాట్‌లో నేరేడువలస హాల్టు దగ్గర బండి వరసగా ముప్పై ఎనిమిది రోజులు ఆగింది. ఆగిన ప్రతిసారీ పదకొండు నిమిషాలు. అక్కడ మిగిలిన ఒకే ఒక్క మనిషి, పట్టాలు చూసుకునే కీమాన్ గెమ్మెలి సోమన్న, పొర గీకి కడిగితేగాని కదలదు. ఆ బెడద తప్పించడానికి మేదిని కాంతిచీపురు తయారుచేసింది. పట్టుమాపరికి బిగిస్తే, అది నడుస్తూనే పొరను లేజరుతో కాల్చేస్తుంది. ఆ రోజు నుంచి బండి ఆగదు, సోమన్న ఉద్యోగమూ ఉండదు.

ఆ కాంతిచీపురున్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆమె పట్టుమాపరిలోనే వచ్చింది. పొద్దున్నుంచి ఆమెతో మాట్లాడింది ఆ యంత్రమొక్కటే. ఆ మాటకొస్తే నెల రోజులుగా అంతే.

హాల్టు దగ్గర చక్రం జారింది. పట్టుమాపరి వెనకబండికి కబురు పంపి, పక్క లైన్లోకి తప్పుకుని ఆగింది.

"మొదటి రోజు ఇక్కడి పొరలో ఉన్నది అడ్డాకు," అంది పట్టుమాపరి. "ఈ వాలులో అడ్డతీగ లేదు. పైగా ఇది కార్తీకం. చెట్లు ఇంకా ఆకు రాల్చలేదు."

సోమన్న గబగబా పట్టా కడిగి వచ్చి, ఆమెను గదిలో కూర్చోబెట్టి సామన్నం, పప్పు పెట్టాడు. పెట్టింది అడ్డాకు విస్తరిలో. మేదిని తింటూ దాన్నే చూసింది.

"ఆకులు పెడుతున్నది మీరేనా సోమన్నా?"

సోమన్న దాచలేదు. "ఒక్కపాలే అమ్మా. నాలుగు నెలలు మనిసి ముఖం సూడనేదు. నా గొంతు నాకే కొత్తగా ఉండీది. తిన్న ఆకు పట్టా మీదెట్టీసాను. బండి ఆగింది, తలుపులు తెరుసుకున్నాయి, అందరూ దిగి నీ పేరేటి, నీదేవూరని ఒకల్నొకలు అడుక్కున్నారు. మరి పెట్టనేదు. తప్పే. రాసీయండి."

మేదిని నమ్మలేదు. బయటికొచ్చి యంత్రాన్నే అడిగింది.

"తర్వాతి పొరల్లో అడ్డాకు లేదు," అంది అది. "తమలపాకు, కరివేపాకు, అరటాకు, బిర్యానీ ఆకు. మొత్తం పందొమ్మిది రకాలు."

"బిరియానీ ఆకా?" సోమన్న తెల్లబోయాడు.

అంతలో బండి వచ్చింది. పట్టా కడిగేసినా, జారుడు కబురు ముందే అందడంతో తనిఖీకి ఆగింది. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. "మోకాలు తగ్గిందా పిన్నిగారూ?" అని ఒకరు, "మీ అబ్బాయి ఫోను చేశాడా?" అని ఒకరు. ఒకావిడ తిన్నగా మేదిని దగ్గరకొచ్చి, "కొత్తగా ఉన్నారు. భోంచేశారా అమ్మా?" అంది. తనని ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నేళ్ళయిందో మేదినికి గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. తలూపింది.

గంట మోగింది. కోటు వేసుకున్న పెద్దమనిషొకడు చివరి బోగీ వెనక్కి వెళ్ళి, జేబులోంచి ఆకు తీసి పట్టా మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి ఎక్కేశాడు. భోంచేశారా అని అడిగినావిడా అటే వెళ్ళింది. అప్పటికే ఒక ఆకు ఉండటం చూసి, తన ఆకు మళ్ళీ సంచిలో దాచుకుంది.

బండి కదిలింది. దాని గాలికి పట్టా మీది ఆకు లేచి లోయలోకి ఎగిరిపోయింది.

"కాంతిచీపురు బిగించమంటారా?" అంది పట్టుమాపరి.

"వద్దు. ఆకులు వాటంతటవే రాలాయని రిపోర్టు రాయి."

"అది నిజం కాదు."

"రాయమన్నాను."

మేదిని తన విస్తరి తెచ్చింది. ఎగిరిపోకుండా నీళ్ళతో బాగా తడిపి, పట్టా మీద పరిచి, అరచేత్తో అదిమింది. సోమన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"రేపు ఇక్కడ బండి ఆగుతుంది," అంది యంత్రం.

"అందులో నాకో ఒంటిగది తీసుకో," అంది మేదిని.