ఏడోసారి ఆగినప్పుడు

ఆదివారం ఉదయం 9:50. పొగమంచు ఇంకా విడలేదు. రెయిలింగ్ లేని కాలువగట్టు కింద, నీళ్లలో ఒక అమ్మాయి శవం కనిపించింది.

వయసు ఇరవై రెండు. బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పని. ఈ దేశం వచ్చి నలభై రోజులు. ఇక్కడి భాషలో ఒక్క ముక్క రాదు.

స్టేషన్ మొత్తంలో తెలుగు వచ్చింది ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కదానికే. "మీవాళ్ల కేసు" అంటూ పై ఆఫీసరు ఫైలు ఆవిడ బల్ల మీద పడేసి చేతులు దులుపుకున్నాడు.

మంగళవారం 10:15కి ముగ్గుర్ని పిలిపించింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్, బస్సు డ్రైవరు, అమ్మాయి అన్న. అన్న బేకరీలో పిండి కలుపుతాడు. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదని మొహమే చెబుతోంది.

"ఎవడో మాయమాటలు చెప్పి తీసుకెళ్లాడు మేడం. ఫ్యాక్టరీ ఒక మూల, కాలువ ఒక మూల. అక్కడ దానికేం పని?" అన్నాడు. "మా అక్కకి ఇంకా చెప్పలేదు. తల్లిలేని పిల్లని చంకనేసుకుని పెంచింది. ఎవడు చేశాడో తెలియకుండా ఆమెకేం చెప్పను?"

ఇన్‌స్పెక్టరమ్మ ఇక్కడి భాషలోకి మారి, సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"ఆదివారం పనికెందుకు రమ్మన్నారు?"

"అర్జంట్ ఆర్డరు. ఎనిమిదింటికి రమ్మన్నాను. రాలేదు."

"ఇంతకుముందు ఏ ఆదివారమైనా వచ్చిందా?"

"లేదు. అదే మొదటిసారి."

"ఎక్కడ దిగింది?" డ్రైవర్ని అడిగింది.

"కాలువ స్టాపులో. 7:52. కార్డు మెషిన్‌లో టైముంది. ఒక్కతే దిగింది, కెమెరాలో చూసుకోండి."

ఆవిడ ముందే చూసింది. ఒక ముసలాయన ఎక్కాడు, అమ్మాయి దిగింది. అంతే.

"ఆదివారం అన్ని స్టాపుల్లోనూ ఆపుతారా?"

"ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే. ఆ రోజు సగం స్టాపులు ఖాళీ. వాటిల్లో ఆపలేదు."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. మెల్లగా అన్న వైపు తిరిగింది.

"దిగాల్సిన చోటు ఆమెకెలా తెలిసేది?"

"నేనే నేర్పాను. మూడు రోజులు వెంట వెళ్లాను. బస్సు ఏడోసారి ఆగినప్పుడు దిగమన్నాను. ఒక్కరోజు కూడా తప్పలేదు మేడం! అక్కకి ఫోన్లో ఎంత గొప్పగా చెప్పుకున్నానో!"

ఇన్‌స్పెక్టరమ్మ ఒక ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టింది.

"ఇవి ఆమె కోటులో దొరికాయి. 'ఏడు గుండీలు' అని రిపోర్టులో రాసి ఊరుకున్నారు. ఏ జేబులో ఎన్నో ఎవరూ పట్టించుకోలేదు. ఎడమ జేబులో ఐదు. కుడి జేబులో రెండు."

అన్న అయోమయంగా చూశాడు.

"బస్సు ఆగినప్పుడల్లా ఒక గుండీ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వేసుకునేది. మామూలు రోజుల్లో ప్రతి స్టాపులోనూ జనం ఉంటారు, ఏడోది ఫ్యాక్టరీ. ఆదివారం బస్సు ఖాళీ స్టాపులు దాటేసింది. అద్దాలకి మంచు పట్టి బయటేమీ కనబడలేదు. ఏడోసారి ఆగేసరికి ఫ్యాక్టరీ ఎప్పుడో వెనకబడింది."

"మరి... కుడి జేబులో రెండు?"

"తప్పు చోట దిగానని గ్రహించింది. కాలువగట్టు వెంట, బస్సొచ్చిన దారినే వెనక్కి నడిచింది. స్టాపు కనబడగానే ఒక గుండీ తిరిగి కుడి జేబులో వేసుకుంది. ఇంకో స్టాపు, ఇంకొకటి. రెండో స్టాపు దాటాకే గట్టు అంచున కాలు జారింది. ఎవరూ తీసుకెళ్లలేదు. ఎవరూ తరమలేదు."

"ఎవరినైనా అడగొద్దూ!" అనేసి, ఎందుకన్నానా అని నాలుక కరుచుకుంది ఇన్‌స్పెక్టరమ్మ.

"అడగొద్దని నేనే చెప్పాను. భాష రాని పిల్ల, ఎవడేం చేస్తాడోనని భయం. తల వంచుకుని లెక్కపెట్టుకో, చాలన్నాను."

ఇన్నేళ్ల సర్వీసులో ఆవిడ ఏ నేరస్థుడి ముందూ ఇంత నిస్సహాయంగా కూర్చోలేదు.

"ఇది ప్రమాదం. మీ తప్పని ఫైల్లో ఎక్కడా ఉండదు," అంది.

అతని ఫోన్ మోగింది. తియ్యబోతుంటే వేలు తగిలి స్పీకర్ ఆన్ అయింది.

"ఏరా, దాని గొంతు విని మూడు రోజులైంది! బస్సుల్లో ఒక్కతే తిరగడం వచ్చేసరికి అక్కని మర్చిపోయిందా? నీ పక్కనే ఉంటుందిగా, ఫోనివ్వు దానికి."

తాను చెబుతానన్నట్టు ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి చాచింది. అతను వద్దని తలూపాడు.

"అక్కా... దానికి నేను దారి తప్పుగా నేర్పానక్కా," అన్నాడు.