తేనె రంగు గిన్నెలు

అమ్మ గిన్నెను పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. ఊహూఁ, కదిలితేగా!

“అదేంటే, అతుక్కుపోయిందా?” అంది అమ్మమ్మ, కళ్లజోడు సర్దుకుంటూ.

అదొక్కటే కాదు, బట్టీలో పెట్టిన మట్టిగిన్నెలన్నీ కింది పలకకు అతుక్కుపోయాయి. వెనక గదిలోని ఆ కరెంటు బట్టీ చిన్న ఫ్రిజ్ అంత ఉంటుంది. వేడి ఎంత కావాలో అమ్మ ఫోన్‌లో పెడితే చాలు, దాని పని అది చేసుకుపోతుంది.

గిన్నెల రంగు మాత్రం అచ్చం తేనె! అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మ కట్టెల బూడిద, ఎర్రమట్టి కలిపి గిన్నెలకు పూసి కాల్చేదట. మంటకి పూత కరిగి గాజులా మెరిసేదట. ఆ గిన్నెల్లో ఒక్కటీ మిగల్లేదు. దేన్ని ఎంత కలపాలో ఎవరికీ గుర్తులేదు. అమ్మ నెలల తరబడి తంటాలు పడితే, ఇన్నాళ్లకు ఆ రంగు వచ్చింది.

“వేడి ఎక్కువై పూత కారిపోయినట్టుంది. ఈసారి తగ్గించాలి,” అంటూ అమ్మ ఫోన్ తీసింది.

“తగ్గిస్తే రంగు మారిపోదూ?” అంది అమ్మమ్మ.

“మారొచ్చు. ఏం చేస్తాం? బూడిద కూడా ఇంకొక్కసారికే వస్తుంది.”

అమ్మమ్మ ముఖం చిన్నబోయింది.

తలుపు దగ్గర నిలబడి కూతురు తూనీగ అంతా వింటోంది. కాలు ఒకచోట నిలవదని ఇంట్లో అందరూ ఆ పిల్లను అలా పిలుస్తారు. ఇప్పుడేమో అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది.

నిన్న గిన్నెల్ని బట్టీలో సర్దింది తనే. తిరగేసి చూస్తే ఒక్కదానికీ అడుగున పూత లేదు. ‘అయ్యో, అమ్మ మర్చిపోయింది’ అనుకుని, బ్రష్షు తీసుకుని అన్నిటికీ దట్టంగా పూసేసింది. అందరూ మెచ్చుకుంటారని మురిసిపోయింది కూడా.

ఇప్పుడు చెబితే తిట్లు తప్పవు. చెప్పకపోతే తప్పంతా వేడి మీదికి పోతుంది. వేడికి ఎలాగూ నోరు లేదు. కానీ అమ్మ వేలు అప్పటికే ఫోన్‌లో అంకెలు తగ్గిస్తోంది.

“అమ్మా, తగ్గించకు! వేడి తప్పు కాదు. నేనే... అడుగున కూడా పూశాను.”

అమ్మ తల పట్టుకుంది. “అడుగు తుడిచింది నేనేనే! అక్కడ పూత ఉంటే కరిగి జిగురులా పట్టేస్తుందని. ఒక్క మాట అడగొచ్చుగా?”

“అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది?” అంది తూనీగ ఏడుపు గొంతుతో.

అమ్మమ్మ పకపకా నవ్వింది. “మంచి సర్‌ప్రైజే! ఇక పలకతో సహా టేబుల్ మీద పెట్టుకుని తినాలి.”

అమ్మకూ నవ్వు ఆగలేదు. తూనీగను దగ్గరికి లాక్కుంది. “గిన్నెలు పోతే పోయాయి. నువ్వు చెప్పకపోతే ఆ రంగు కూడా పోగొట్టుకునేవాళ్లం.” ఫోన్‌లో వేడి మళ్లీ మొదటి అంకెకు చేరింది.

కొత్త గిన్నెలు చేసి, మిగిలిన పూతంతా వాటికి పూశారు. తూనీగ తడి స్పాంజితో ప్రతి గిన్నె అడుగూ శుభ్రంగా తుడిచింది. చివరి గిన్నెను బట్టీలో పెడుతుంటే బొటనవేలు తగిలి, పక్కన కాస్త పూత ఊడొచ్చింది.

ఎవరూ చూడలేదు. దాన్ని గోడవైపు తిప్పి పెడితే సరిపోతుంది.

“అమ్మా, ఒకసారి ఇలా రా,” అని పిలిచింది తూనీగ. “దీనికి నా వేలు తగిలింది. చూడు, ఇక్కడ.”

అమ్మ పూత కలిపిన డబ్బాను అడుక్కంటా గీకి, దొరికిన కాస్త పూతనూ అక్కడ అద్దింది.

బట్టీ చల్లారాక గిన్నెలన్నీ ఇలా పట్టుకుంటే అలా వచ్చేశాయి. అన్నీ తేనె రంగే! అమ్మమ్మ ఏరి ఏరి, బొటనవేలి మచ్చ ఉన్న గిన్నెనే తీసుకుంది. దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తూ కళ్లు తుడుచుకుంది.

“మా అమ్మ గిన్నె అచ్చం ఇలాగే ఉండేదే!”

“మచ్చ కూడానా అమ్మమ్మా?”

“ఆ మచ్చ మాత్రం నా మనవరాలిది,” అంది అమ్మమ్మ.