జైలోఫోన్ల గదిలో గొంతు

కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక ఎలిమెంటరీ స్కూలు. దాని బేస్‌మెంట్‌లో మ్యూజిక్ క్లాసు, దాని వెనక జైలోఫోన్లూ డ్రమ్ములూ పెట్టే చిన్న గది. ఈ చలికాలమే ఆ గదికి చెడ్డ పేరు వచ్చింది. బడి వదిలాక అందులో ఎవరో పాడతారట... తలుపు తీస్తే ఎవరూ ఉండరట.

నా రూమ్మేట్ ధాత్రి చెప్పగా విన్నాను. అక్కడ రెండో తరగతి పిల్లలకు పాటలు నేర్పేది తనే. కాంట్రాక్టు ఉద్యోగం. వింటర్ కాన్సర్ట్ బాగా జరిగితేనే రెన్యువల్. రెన్యువల్ అయితేనే పీఆర్, అంటే ఆ దేశంలో స్థిరపడే హక్కు.

ఆ రోజు ఆఖరి రిహార్సల్. "ఒక్క గొంతూ శ్రుతి తప్పలేదు!" అని ప్రిన్సిపాల్ తెగ మెచ్చుకుంది.

డిసెంబరు కదా, సాయంత్రానికే చిమ్మచీకటి. ధాత్రి జైలోఫోన్లు సర్దడానికి కిందికి దిగుతుంటే, క్లీనింగ్ చేసే కోటేశ్వరరావు గారు మెట్ల దగ్గర ఆపారు.

"రేపు పొద్దున సర్దుకోరాదా అమ్మా?"

"దెయ్యమా అంకుల్? ఈ చలికి అది కూడా హీటర్ దగ్గరే కూర్చుంటుంది లెండి."

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించారు. "మనదేనమ్మా... సరిగమలు పాడుతోంది."

కింద అన్నీ మనిషి కదిలితే వెలిగే లైట్లు. గది ముందు ధాత్రి కదలకుండా నిలబడి చెవులు రిక్కించింది. కాసేపటికి... లైట్లు ఆరిపోయాయి.

"స... రి... గ..."

సన్నటి గొంతు. 'గ' దగ్గర జారింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి—

తలుపు తోసింది. లైట్లు వెలిగాయి. ఎవరూ లేరు. డ్రమ్ములు, స్టాండ్లు... మూలనున్న బీరువాలోంచి మళ్లీ వినిపించింది.

"స..."

తెరిచింది.

వేలాడుతున్న కాన్సర్ట్ బట్టల మధ్య, మోకాళ్లు కావలించుకుని— రిషిత! తన క్లాసు పిల్లే. అమ్మ వచ్చేదాకా పైన ఆఫ్టర్‌కేర్‌లో ఉండాల్సిన పిల్ల.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ప్రాక్టీస్, మిస్. యూ టోల్డ్ మీ."

అప్పుడు గుర్తొచ్చింది ధాత్రికి. పాతికమందిలో శ్రుతి తప్పేది ఒక్క గొంతు, అంటే నాలుగు శాతం. ఆ నాలుగూ తీసేస్తే పాట శుభ్రంగా ఉంటుందని లెక్క వేసుకుంది. మిగతా పిల్లలకు తెలియకూడదని, మొదటి రిహార్సల్లోనే ఈ పిల్ల చెవిలో తెలుగులో చెప్పింది: "నువ్వు లోపల పాడుకోమ్మా."

మనసులో అని తన ఉద్దేశం. ఇంట్లో నేర్చిన నాలుగు తెలుగు ముక్కల్లో రిషితకు లోపల అంటే ఒకటే అర్థం... తలుపు వేసి ఉన్న చోటు.

ధాత్రికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ ముఖం చూసి పిల్ల బెదిరిపోయింది.

"సారీ మిస్... యూ కుడ్ హియర్ మీ?"

బట్టల వెనక్కి ఇంకా జరుగుతూ గుసగుసగా అంది— "ఐ కెన్ గో మోర్ లోపల."