పండుకున్నోడి కన్ను

మా ఇంట్లో నాకొక సవతి ఉండేది. ముక్కు వంకర, ఒళ్ళంతా రివెట్లు, రెక్క కొస నుంచి రెక్క కొసకు మూరన్నర. పేరు హైంకెల్.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్ళు ఇంగ్లండు ఊళ్ళ మీద బాంబులు కురిపించిన విమానం అది. దాన్ని ముప్పై రెండో వంతుకు కుదించి, ఒక్క గీత తేడా రాకుండా, నంద్యాలలో మా ఇంటి వెనకగదిలో మా బావ గిరీశ్ కట్టాడు. బావ అంటే నా మేనమామ కొడుకు. మొగుడయ్యాక కూడా ఆ పిలుపు పోలేదు. బావది బంగారం పని. పగలంతా అంగట్లో ముక్కుపుడకలకు రాళ్ళు పొదిగి, ఇంటికి రాగానే అదే చేత్తో విమానానికి రివెట్లు పొదిగేవాడు. నా ముక్కుపుడకలో రాయి ఎప్పుడు ఊడిందో ఆయనకు తెలియదు. విమానం ముక్కు సంగతి మాత్రం అడగండి, అన్నం మానేసి చెప్తాడు. కొన్న విడిభాగాల పెట్టెలో వచ్చిన ముక్కు కొలతకు రాలేదని కోసి పారేసి, పల్చటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి వంచి, అద్దాల ముక్కు కొత్తది చేశాడు. అసలు విమానంలోనే అది కాస్త కుడికి జరిగి ఉంటుందట, పైలట్‌కు ఎదర కనపడాలని. ఆ వంకర తెప్పించడానికి చలికాలమంతా పట్టింది. ముక్కు వంకరదాని మీద ఇంత మోజు పడిన మగవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

ఈ సవతి చాలదన్నట్టు షాలిని ఒకామె. కర్నూల్లో ఉంటుంది, ఆమెకూ ఇదే పిచ్చి. రోజూ ఫోన్లే. ఫోటో చూశాను. లావుపాటి కళ్ళద్దాలు, నెరిసిన పాపిట. అందగత్తె అయ్యుంటే నాకింత మంట ఉండేది కాదు. అందం ముందు ఓడిపోవచ్చు, అర్థం చేసుకోవచ్చు. ఈమె వట్టి రివెట్ల గురించి మాట్లాడి మా బావను అంతంతసేపు నవ్విస్తుంది. ఆ నవ్వు వంటింట్లోకి వినపడుతుంటే చారులో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు.

విమానంలో కూర్చోబెట్టడానికి ఐదుగురు మనుషులు కావాల్సి వచ్చింది. అప్పుడు మాత్రం నేను గుర్తొచ్చాను. మాది ఆళ్లగడ్డ. మా నాయన జనార్దనం శిల్పి, చిన్నప్పుడు బొమ్మల కొట్టంలో నాయన పక్కన కూర్చొని నేనూ ఉలి పట్టినదాన్నే. బలపం రాయిలో కందిగింజంత తలలు ఐదు చెక్కిచ్చాను. నలుగురి కళ్ళ మీద పెద్ద కళ్ళజోళ్ళు వచ్చాయి కాబట్టి వాళ్ళకు కళ్ళ పని లేదు. ఐదోవాడి సంగతి వేరు. వాడు అద్దాల ముక్కులో బోర్లా పండుకొని ఉంటాడు. ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో కిందికి గురి చూస్తాడు.

“వీడే పైలట్‌కు దారి చెప్తాడు,” అని బావ మా పాపకు చూపించాడు. “రవ్వంత ఎడమకు... ఇంకా రవ్వంత... ఆఁ, అట్లే, కదలొద్దు... అని చెప్పి బాంబు మీట నొక్కుతాడు. అంతే.”

ఆరేళ్ళ సుప్రజ వాడికి పండుకున్నోడు అని పేరు పెట్టింది. వాడి తల చెక్కాను గానీ కన్ను తెరవలేదు. మా పుట్టింట్లో పద్ధతి అది. ఏ బొమ్మకైనా కన్ను ఆఖరున తెరుస్తారు, చెక్కినవాళ్ళే తెరుస్తారు. బొమ్మకు ఎదురుగా అద్దం పెట్టి, తాము పక్కకు నిలబడి తెరుస్తారు. మొదటి చూపు అద్దం మీద పడాలి, మనిషి మీద పడకూడదు. పడితే ఏమవుతుందని చిన్నప్పుడు అడిగితే, “చూసినోళ్ళను ఇడిచిపెట్టదు,” అన్నాడు నాయన.

ఆ వారం ఒక పొద్దున బావ ఫోన్లో అంటున్నాడు. “ఆదివారం వస్తాండావు గదా షాలినీ, ఆ కన్నేదో నువ్వే పెట్టు. నీ చేతి మింద నాకు నమ్మకం.”

ఒళ్ళు భగ్గుమంది.

“చెక్కింది నేను బావా. కన్ను ఆయమ్మతో పెట్టిస్తావా?”

“ఏందే నీ గోల? అది ప్లాస్టిక్ ఇమానం. దేవుడా ఏమన్నా?” అని చెప్పులేసుకొని అంగడికి పోయాడు.

సరే, రానీ ఆమెను, అనుకున్నాను. కన్ను నేనే తెరుస్తాను. అద్దం పెట్టను. ముక్కుకు గుడ్డ కట్టి ఉంచుతాను. ఆదివారం ఆమె వచ్చి మురిపెంగా ఆ గుడ్డ విప్పుతుంది. మొదటి చూపు ఆమె మీదే పడుతుంది. ఆ తరవాత రివెట్ల కబుర్లు ఎట్లా చెప్తుందో చూద్దాం... ఇంత పాడుబుద్ధి నాకుందని నాకే అంతవరకు తెలియదు. తెలిశాక సిగ్గు కూడా పడలేదు.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాయి. పాప హాల్లో చాప మీద నిద్రపోయింది. కరెంటు పోయింది. మే నెల ఎండకు వీధిలో కుక్క కూడా అరవడం లేదు. వెనకగది తలుపు తీసి లోపలికి పోయి, దగ్గరికి వేశాను.

రంగుల మీద ఎండా దుమ్మూ పడకూడదని బావ ఆ గది కిటికీలకు నల్లకాగితం అతికించాడు. నడిమధ్యాహ్నం కూడా అందులో చీకటే. థిన్నర్ వాసన, జిగురు వాసన, ఉడికిన ప్లాస్టిక్ వాసన. గది మధ్యలో గాజుపలక బల్ల. గీతలు కనపడడానికి కింద నుంచి లైటు వేసుకొనే బల్ల అది. దాని మీద, రెండు కొయ్యముక్కల మీద, విమానం.

సెల్లు టార్చి వెలిగించి పళ్ళతో పట్టుకున్నాను. ముక్కుకు ముందువైపు గుడ్డ కట్టాను. రెండు పక్కలా కట్టాను. ముక్కు మీది అద్దపు పైరేకు ఇంకా అతికించలేదు కాబట్టి అది తీసి, రెండు వెంట్రుకల కుంచెను లోపలికి దించాను. పండుకున్నోడి తల పక్కగా... చెంప మీదుగా... కంటిగుంట దగ్గరికి.

కుళ్ళు కడుపు నిండా ఉన్నప్పుడు చెయ్యి భలే నిలకడగా ఉంటుంది.

ఒక్క నల్లచుక్క. అంతే.

కుంచె పైకి తీశాను. గదిలో వాసన మారింది. థిన్నర్ వాసన పోయింది. కాగిన నూనె... తడిసిన తోలు... ఎక్కడో కాలుతున్న వాసన.

అప్పుడు బల్ల కింద నుంచి మెల్లగా వినపడింది.

“అమ్మా... పండుకున్నోడు నన్ను చూస్తాండాడు.”

టార్చి నోట్లోంచి జారి గాజు మీద పడింది. ఆ వెలుగులో, గాజుపలక కింద, చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకొని ఉంది నా కూతురు. ఉక్కకు తాళలేక ఎప్పుడు వచ్చి దూరిందో. కళ్ళు విప్పార్చి పైకే చూస్తోంది.

ముందుకు గుడ్డ కట్టాను. పక్కలకు కట్టాను. మేము చేసే దేవుళ్ళందరూ ఎదురుగా చూస్తారు. నేను పుట్టి పెరిగిన కొట్టంలో ఒక్క బొమ్మ కూడా కిందికి చూడదు. వీడు చూసేది కిందికేనని బావ నా ముందే పాపకు చెప్పాడు. విన్నాను కూడా. అయినా కట్టేటప్పుడు ఆ తలపే రాలేదు.

పాపను బయటికి లాగి, ఎత్తుకొని హాల్లోకి పరిగెత్తాను. తలుపు సందులోంచి వెనక్కి చూశాను. విమానం ముక్కు ఇందాక గోడవైపు ఉంది. ఇప్పుడు హాలువైపు ఉంది.

పాపను వంటింట్లోకి తీసుకుపోయి, వచ్చి చూశాను. ముక్కు వంటింటి వైపు ఉంది. కొయ్యముక్కలు మాత్రం కదల్లేదు.

“అమ్మా, ఏందీ చప్పుడు?” అంది పాప.

“యాడ?”

“మీంద.”

ఏమీ వినపడలేదు. తరవాత వినపడింది. చాలా ఎత్తున... రెండు గొంతులు ఒకటి కాలేక ఊగుతున్నట్టు... ఊఁ... ఊఁ... ఊఁ... వాకిట్లోకి పోయి చూస్తే తెల్లటి ఎండ, ఖాళీ ఆకాశం.

తాళం కూడా వేయకుండా బస్టాండుకు నడిచాను. ఆళ్లగడ్డ బస్సులో పాప నా ఒళ్ళో తల పెట్టుకొని పడుకుంది. బోర్లా. ఎన్నిసార్లు తిప్పినా మళ్ళీ బోర్లా.

చేరేసరికి పొద్దు వాలుతోంది. కొట్టంలో ఉలుల చప్పుడు. రాతిపొడి వాసన. వరసగా నిలబెట్టిన బొమ్మలు, ఒక్కదానికీ ఇంకా కన్ను లేదు. వాటిని చూస్తే ప్రాణం కొంచెం కుదుటపడింది. పాప మేడ మీదికి ఆడుకోవడానికి పోయింది. నేను నాయన దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పాను, షాలిని సంగతి కూడా దాచకుండా.

నాయన ఉలి కింద పెట్టాడు.

“అద్దం పెట్టలేదా?”

“లేదు నాయనా.”

“తెరిచిన కన్ను మూసేకి లేదు. ముఖమే పగలగొట్టాల. గిరీశ్‌కు చెప్పు. బేగా.”

ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. ఆ సమయంలో ఆయన ఎవరితో మాట్లాడుతుంటాడో నాకు తెలుసు. బిడ్డకు ప్రాణం మీదికొచ్చినా నా కడుపు మంట ఆరలేదు. నవ్వుకుంటున్నారేమో, అనుకున్నాను.

ఎట్టకేలకు ఎత్తాడు.

“యాడికి పోతివే చెప్పకుండా? ఇల్లు బార్లా తెరిచి...”

“బావా, కసురుకోవద్దు. ఎనకగదిలోకి పో. పండుకున్నోడి తల సుత్తితో కొట్టు. ఇప్పుడే.”

“తిక్కలేసిందా నీకు?”

“పాప మింద ఒట్టు బావా. పో.”

తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు. తరవాత గోటితో ప్లాస్టిక్ గీకుతున్న చప్పుడు.

“ప్రసన్నా,” గొంతు బాగా తగ్గింది. “పైరేకు ఎవరో బిగించినారు. జిగురు ఆరిపోయింది. గుడ్డ కట్టిన ముడి అట్లే ఉంది.”

“వాడు?”

“నలుగురు ఉండారు. పండుకున్నోడు లేడు.”

ఫోన్ చేతిలోనే ఉంది. ఉలుల చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. పనివాళ్ళందరూ తలలెత్తి ఆకాశం కేసి చెవులు పెట్టారు. ఊఁ... ఊఁ... ఊఁ... ఈసారి అందరికీ వినపడుతోంది.

“సుప్రజా!” అని కేకేస్తూ కొట్టం బయటి వాకిట్లోకి వచ్చి మేడ వైపు చూశాను.

పిట్టగోడ అంచున బోర్లా పడుకొని ఉంది. గడ్డం పిడికిళ్ళ మీద ఆనించి, ఒక కన్ను గట్టిగా మూసుకొని, ఇంకో కన్నుతో కిందికి చూస్తోంది.

నన్నే.

“అమ్మా,” అంది నవ్వుతూ. “రవ్వంత ఎడమకు జరుగు.”

నేను జరగాలనుకోలేదు. నా కాళ్ళు జరిగాయి.

“ఇంకా రవ్వంత... ఆఁ. అట్లే. కదలొద్దు.”