మోతకో మాత్ర

లోలా ఇసిడ్రాకు బీపీ. నాకూ బీపీయే. ఆవిడంటే భయం, ఆవిడ మనవరాలంటే ప్రేమ.

మా ఇలోయిలో ఊళ్లో లోలా అంటే అవ్వ. మనవరాలు మారిఫె ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో నర్సు. నాది ట్రైసికిల్, అంటే పక్కన సవారీ తొట్టి తగిలించిన అద్దె మోటారుసైకిల్. దాని సైలెన్సర్‌కి పేరు మిగిలింది గాని పని పోయింది. రోజూ పొద్దున్నే మారిఫెను డ్యూటీకి దింపే వంకతో వాళ్ల గుమ్మం ముందు ఆపేవాణ్ని. మలుపులో మోత వినబడగానే లోలా బీపీ పెరిగిందంటూ మెడ వెనక చెయ్యి వేసుకునేది.

ఒకరోజు మొహం మీదే అనేసింది. "ఒరే డిండో, బండికి సైలెన్సర్ బాగుచేయించలేని వాడివి, పెళ్లాన్నేం పోషిస్తావు? నిన్ను చూస్తే నాకు హైబ్లడ్."

మా ఊళ్లో కోపమన్నా హైబ్లడ్డే, జబ్బన్నా హైబ్లడ్డే. ప్రేమ కోసం నా ప్రాణం ఇస్తాను గాని లోలా ప్రాణం ఎలా ఇవ్వను? వెళ్లడం మానేశాను.

కొన్నాళ్లకి వానలో తడుస్తూ మారిఫె మా స్టాండుకొచ్చింది.

"ఏమైపోయావు?"

"మీ లోలా ఆరోగ్యం కోసం త్యాగం చేశాను."

"నీ త్యాగం తగలెయ్య. నువ్వు మానేశాకే బీపీ పైకెగిరింది. పద, ఎందుకో తేలాలి."

ఇంట్లోకి వెళ్తూనే అడిగింది. "లోలా, బీపీ మాత్ర, ఆ ఆమ్లోడిపిన్, ఎప్పుడు వేసుకుంటున్నావు?"

"వీడి బండి మోత వినగానే. కోపం రాబోతోందని ముందే మింగేదాన్ని. ఇప్పుడు వీడూ లేడు, కోపమూ లేదు. మందెందుకు దండగ?"

మారిఫె నుదురు కొట్టుకుంది. "అది కోపానికి మందు కాదు లోలా. మెడ నొప్పి లేకపోయినా, నువ్వు నవ్వుతూ కూచున్నా, లోపల రక్తపోటు పెరుగుతుంది. మాత్ర రోజూ పడితేనే అదుపు. మానేస్తే మళ్లీ మొదటికే."

"ఎన్నాళ్లు?"

"డాక్టరు మానమనే దాకా. బహుశా జీవితాంతం."

లోలా నన్ను కిందికీ పైకీ చూసింది. నేను మారిఫె వైపు చూశాను. మారిఫె మాత్రం వాన వైపు చూసింది, వానను ఎప్పుడూ ఎరగనట్టు.

"అంటే వీడు జీవితాంతం రోజూ రావాలన్నమాట" అంది లోలా. చెయ్యి చాపింది. "మాత్ర ఇలా తే. వచ్చాడుగా."

ఆనందం పట్టలేక అనేశాను. "రేపే సైలెన్సర్ బాగుచేయిస్తాను లోలా."

ఆవిడ మాత్ర మింగి, గ్లాసు కింద పెట్టింది.

"చేయించావో, పెళ్లి కాన్సిల్."