కారణం గడిలో రాసింది

మా ల్యాబ్‌లో ఆమెని అందరూ డేగ అంటారు. పరీక్ష ప్లేటులో ఏ గుంటలో నలుసంత బూజు పెరిగినా ఆ కళ్ళనుంచి తప్పించుకోలేదు. నేను చేరిన మొదటిరోజే నా లెక్క తప్పని తేల్చి, "బూజుబాబు గారూ, కళ్ళజోడు మార్పించండి," అంది. ఆ పేరు నాకు అతుక్కుపోయింది. ఆమె నా మనసుకి అతుక్కుపోయింది. రెండేళ్ళయింది, చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

మా పని ఇదీ. ప్లేటులో వరసగా పది గుంటలు. మొదటిదాంట్లో మందు ఎక్కువ, తర్వాతదాంట్లో అందులో సగం, అలా తగ్గుతూ పోతుంది. అన్నిట్లోనూ రోగాన్ని తెచ్చే బూజు వేసి రెండు రోజులు వెచ్చగా ఉంచుతాం. ఎంత తక్కువ మందుకి బూజు ఆగిందో చూసి ఆ గుంట నంబరు రాయాలి. ఇద్దరం విడివిడిగా చదవాలి, ఇద్దరూ రాసేదాకా మాట్లాడుకోకూడదు. ఆ మౌనంలోనే రోజూ ఆమెకి అన్నీ చెప్పేసుకునేవాణ్ణి, లోలోపల.

ఆ శుక్రవారం ఆమెకి ఇక్కడ ఆఖరిరోజు. సోమవారం నుంచి నాలుగు గంటల ప్రయాణం దూరంలో వేరే ల్యాబ్. బయట వాన. ప్లేటుని స్టాండు మీద పెట్టి, గుంటల అడుగులు కనబడేలా కింద అమర్చిన అద్దంలోకి చూశాను. గుంటల పక్కనే, ఎదుటి కుర్చీలో కూర్చున్న ఆమె ముఖం కనబడింది. ఇక చూపు తిప్పుకోలేకపోయాను. ఏదో ఒక నంబరు రాసి లేచాను.

నాది ఎనిమిది. ఆమెది ఐదు.

"మూడు గుంటల తేడానా! నిద్రలో చదివారా?" అంది.

మా పెద్ద మేడమ్ వచ్చి తనూ చదివింది. "ఐదే. ఇది కొత్త మందుని సరిచూసుకునే ప్లేటు కాబట్టి సరిపోయింది. రోగిదైతే పనిచెయ్యని మందు ఇచ్చుండేవాళ్ళు. తేడా ఫారం నింపి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అసలు కారణం రాయాలి, తెలిసిందా?"

కారణం గడిలో 'వెలుతురు తక్కువ' అని రాశాను.

"లైటు బ్రహ్మాండంగా ఉంది. అబద్ధానికి నేను సంతకం పెట్టను," అంది డేగ.

ఇంకో ఫారం తీసి 'కళ్ళ అలసట' అని రాశాను.

"పొద్దున్న పదకొండు ప్లేట్లు సరిగ్గా చదివిన కళ్ళేగా! నిజం రాయండి. ఈ ఒక్కరోజే నేనుండేది."

మూడో ఫారం తీశాను. ఈసారి నిజమే రాశాను.

'అద్దంలో గుంటలకి బదులు తోటి ఉద్యోగిని ముఖం చూశాను. రేపటినుంచి ఆ ముఖం కనబడదని బెంగ. ఆమె అంటే నాకు ప్రేమ.'

ఫారం ఆమె ముందుకి జరిపి కిటికీవైపు తిరిగాను. ఆమె దాన్ని ప్లేటు చదివినంత నెమ్మదిగా చదవడం కిటికీ అద్దంలో కనబడింది. మళ్ళీ చదివింది. తర్వాత కలం గీసిన చప్పుడు వినబడింది.

తిరిగి చూస్తే 'మళ్ళీ జరగకుండా తీసుకునే చర్య' అన్న గడి నిండి ఉంది.

'ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని ఆ ముఖం తీరిగ్గా చూపించడం. బాధ్యత: నాది.'

"ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా, మొద్దూ?" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి. నా కళ్ళూ అంతే.

మేడమ్ ఫారం చదివి కళ్ళజోడు కిందికి దించింది. "దీన్ని పదేళ్ళు ఫైల్లో దాచాలి. తెలుసుగా?"

"దాచండి మేడమ్," అంది డేగ. "సరిచూశానని సంతకం పెట్టాను."