పెర్సిస్ చేర్చిన ఒక్క లైను

"ఎమర్జెన్సీ అంట! ఇది కంప్యూటరా, ఆస్పత్రా?" అన్నారు చర్చి పెద్ద తోమాసు అంకుల్.

ఎవరికీ నవ్వు రాలేదు. నల్లటి స్క్రీన్ నిండా తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. చివర 'ఎమర్జెన్సీ మోడ్' అని ఉంది. ఆదివారం, టైము తొమ్మిదిన్నర. పదింటికి ఆరాధన మొదలవ్వాలి. ద్వారకలోని ఆ తెలుగు చర్చిలో పాటలన్నీ ఈ కంప్యూటర్ నుంచే పెద్ద తెర మీదికి వస్తాయి.

ఆ పాటలు టైప్ చేసేది పెర్సిస్. చదివేది ఆరో తరగతి. హిందీ మాట్లాడే ఊళ్లో పెరిగిన చర్చి పిల్లలకి తెలుగులో పాడటం వచ్చు, చదవటం రాదు. అందుకే ఒక్కో పాటని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొడుతుంది. ఇప్పటికి నూట పన్నెండు పాటలయ్యాయి. చిన్నపిల్లలు ఆమెని 'కంప్యూటర్ దీదీ', అంటే కంప్యూటర్ అక్క, అని పిలుస్తారు. అలా పిలిచినప్పుడల్లా పెర్సిస్ తల కాస్త పైకి లేస్తుంది. ఎంత వద్దనుకున్నా ఆగదు.

ఈ రోజు ఆ పిల్లలే అందరి ముందూ నిలబడి పాడాలి. తెర మీద అక్షరాలు లేకపోతే వాళ్లకి ఒక్క ముక్క కూడా గుర్తుండదు.

"దీదీ, స్క్రీన్ చల్ నహీఁ రహా!" అంటూ, తెర పనిచేయట్లేదని ఒక బుడ్డోడు పెర్సిస్ చెయ్యి పట్టి లాగాడు.

స్టీవ్ అన్నయ్య బల్ల కింద దూరి వైర్లు పీకి పెడుతున్నాడు. అతను ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ పాత కంప్యూటర్లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసింది అతనే. మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ అదే నల్లటి స్క్రీన్.

"నిన్న ఎవరైనా దీంట్లో ఏమైనా మార్చారా?" అని అడిగాడు.



"నిన్న కాంతమ్మగారు బల్లలన్నీ తుడిచారుగా. నీళ్లు పడ్డాయేమో" అన్నారు తోమాసు అంకుల్.

కాంతమ్మ ఆంటీ మొహం చిన్నబోయింది. ఎవరూ అడక్కపోయినా ప్రతి శనివారం వచ్చి హాలంతా శుభ్రం చేసేది ఆవిడే. "పొడిగుడ్డతోనే తుడిచానండీ" అన్నారు. మళ్లీ, "ఏమో మరి, చెయ్యేమన్నా తగిలిందేమో" అన్నారు మెల్లగా.

పెర్సిస్ నల్లటి స్క్రీన్ వైపు చూసింది. నిన్న మార్చింది తనే.

పాటలు ఇంట్లో కొట్టి పెన్‌డ్రైవ్‌లో తెస్తుంది. తెచ్చిన ప్రతిసారీ దాన్ని వెతికి తెరవాలంటే విసుగు. కంప్యూటర్ ఆన్ చేయగానే అదే తెరుచుకుంటే ఎంత బాగుంటుంది! అందుకే నిన్న సాయంత్రం ఒక వీడియో చూసి, కంప్యూటర్ లేవగానే చదువుకునే ఫైల్లో ఒక లైను చేర్చింది. అది చక్కగా పనిచేసింది. సంతోషం పట్టలేక గంతులేసింది. తర్వాత ఇంకో పాట ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ తీసి ఇంటికి పట్టుకుపోయింది.

ఇప్పుడు అర్థమైంది. 'లేవగానే పెన్‌డ్రైవ్ తెరువు' అని తనే చెప్పింది. అది కనబడక కంప్యూటర్ మొండికేసింది.

పెన్‌డ్రైవ్ గౌను జేబులోనే ఉంది.

చెప్పేస్తే? కంప్యూటర్ దీదీయే కంప్యూటర్ పాడుచేసిందని అందరూ నవ్వరూ?

స్టీవ్ ఎవరికో ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. పెర్సిస్ గబుక్కున పెన్‌డ్రైవ్ గుచ్చి, కంప్యూటర్ ఆపి ఆన్ చేసింది. రెండు నిమిషాల్లో పాటల జాబితా తెర మీదికి వచ్చేసింది.

పిల్లలు ఒకటే కేకలు. "ఏం చేశావే?" అన్నాడు లోపలికి పరిగెత్తుకొచ్చిన స్టీవ్.

"ఊరికే... ట్రై చేశాను" అంది పెర్సిస్.

పదయింది. తోమాసు అంకుల్ మైకు అందుకున్నారు. "మన పెర్సిస్‌ని చూడండి! పెద్దవాళ్లకి చేతకానిది ఆరో తరగతి పిల్ల చేసింది. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!"

హాలు మారుమోగింది. నైట్ డ్యూటీ నుంచి ఆస్పత్రి బూట్లతోనే వచ్చిన అమ్మ జయశీల వెనక వరసలో నిలబడి మరీ చప్పట్లు కొట్టింది.

"ఇంకో మాట. కాంతమ్మగారూ, ఇకనుంచి ఆ కంప్యూటర్ బల్ల జోలికి వెళ్లకండి" అన్నారు అంకుల్.

"అలాగేనండీ" అన్నారు కాంతమ్మ ఆంటీ తలెత్తకుండా.

చప్పట్లు మళ్లీ మోగాయి. పెర్సిస్‌కి మాత్రం ఆ తల దించుకున్న ఆంటీ తప్ప ఇంకేమీ కనిపించలేదు. ముందుకు నడిచి మైకు అడిగి తీసుకుంది.

"బాగుచేసింది నేనే. పాడుచేసింది కూడా నేనే."

పెర్సిస్ లైను సంగతి, పెన్‌డ్రైవ్ సంగతి అన్నీ చెప్పేసింది. "అన్నయ్య అడిగినప్పుడే చెప్పాల్సింది. భయపడ్డాను. కాంతమ్మ ఆంటీ ఏమీ చేయలేదు. సారీ ఆంటీ."

కాంతమ్మ ఆంటీ తలెత్తారు. "పోనీలే తల్లీ, చెప్పావుగా" అన్నారు. తోమాసు అంకుల్ గొంతు సవరించుకుని, "నేనూ తొందరపడ్డాను కాంతమ్మగారూ, తప్పు నాది" అన్నారు.

పెర్సిస్ భయం భయంగా వెనక వరస వైపు చూసింది. అమ్మ ఈసారి చప్పట్లు కొట్టలేదు. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే పెర్సిస్ ఛాతీ గర్వంతో నిండిపోయింది. పిల్లలు తెర చూసి పాడుతుంటే తనూ గొంతెత్తి పాడింది.

ఆరాధన అయ్యాక స్టీవ్ ఆమెని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. "ఏం తేడా వచ్చిందో స్క్రీన్ మీదే రాసి ఉంది. చదవకుండా వైర్లు పీకిన నన్ననాలి. నీ ఆలోచన చాలా బాగుంది. 'పెన్‌డ్రైవ్ లేకపోయినా ఆగొద్దు' అని చెప్పే మాట ఒకటి చేర్చాలి, అంతే. నువ్వే కొట్టు."

పెర్సిస్ ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేసింది. పిల్లలంతా చుట్టూ మూగి చూస్తుండగా కంప్యూటర్ బుద్ధిగా లేచింది.

తర్వాతి శనివారం వెనక కూర్చునేవాళ్లకి కనబడేలా పాటల అక్షరాలు పెద్దవి చేసింది. లేచి వెళ్లబోతూ ఆగి, ఒక తెల్ల కాగితం మీద తేదీ వేసి, ఏం మార్చిందో రాసి, కింద పేరు పెట్టి, స్క్రీన్ పక్కన అతికించింది.

కంప్యూటర్ బల్ల తుడుస్తున్న కాంతమ్మ ఆంటీ ఆగారు. "అదేంటమ్మా?"

"ఇవాళ నేనేం మార్చానో రాశాను ఆంటీ. రేపు ఏదైనా ఆగిపోతే ముందు నన్నే అడగాలి."

కాస్త దూరం వెళ్లి కాగితం వైపు చూసింది. పేరు సరిగ్గా కనబడటం లేదనిపించింది. స్కెచ్ పెన్ తెచ్చి 'పెర్సిస్' అని ఇంకా పెద్దగా రాసింది.